స్టార్‌డ్యూ వ్యాలీ మాడ్‌లకు సొంత టెంప్లేట్ తయారు చేసుకోవడం ఎలా?

స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్‌కి మూడో మాడ్ (గేమ్‌ని మార్చే చిన్న ప్రోగ్రామ్) మొదలుపెట్టినప్పుడు పాతదాని ఫోల్డర్ కాపీ చేసి, ఒక్కో ఫైల్లో పేర్లు మార్చుకుంటూ పోయాను. మ్యానిఫెస్ట్‌లో, అంటే మాడ్ వివరాలుండే ఫైల్లో, యూనిక్ ఐడీ మార్చడం మర్చిపోయాను. ఒకే ఐడీతో రెండు మాడ్‌లు కనబడేసరికి స్మాపీ (మాడ్‌లను గేమ్‌లోకి లోడ్ చేసే ప్రోగ్రామ్) రెండింటినీ లోడ్ చేయకుండా వదిలేసింది. ఆ రోజే టెంప్లేట్, అంటే కొత్త ప్రాజెక్టులకు అచ్చు, చేసుకున్నాను. గంట పని.

1. గేమ్ 1.6, స్మాపీ 4, డాట్‌నెట్ 6 ఎస్‌డీకే (కోడ్‌ని బిల్డ్ చేసే సాధనాల కట్ట) ఉండాలి. కోడ్ సీ షార్ప్‌లో రాస్తాం.

2. ఒక క్లాస్ లైబ్రరీ ప్రాజెక్ట్ తెరవండి. దాని పేరు విషయంలో తొందరపడొద్దు, కారణం నాలుగో అడుగులో ఉంది. నేను ‘వంకాయతోట’ అని పెట్టుకున్నాను (ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా). తర్వాత నూగెట్ (డాట్‌నెట్ ప్యాకేజీలు దొరికే చోటు) నుంచి మాడ్‌బిల్డ్‌కాన్ఫిగ్ ప్యాకేజీ కలపండి. గేమ్ ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. బిల్డ్ చేసిన ప్రతిసారీ మాడ్‌ని గేమ్ మాడ్స్ ఫోల్డర్‌లో పెట్టి, పంచుకోవడానికి జిప్ కూడా కట్టిస్తుంది.

3. రెండు ఫైళ్లు చాలు. మొదటిది మాడ్‌ఎంట్రీ: బటన్ నొక్కగానే దాని పేరు కన్సోల్‌లో చూపించే నాలుగు లైన్లు. సేవ్ ఫైల్ లోడ్ కాకముందే కోడ్ నడవకుండా వరల్డ్‌రెడీ తనిఖీని ఇక్కడే పెట్టేయండి, ప్రతి మాడ్‌లోనూ పనికొస్తుంది. రెండోది మ్యానిఫెస్ట్: పేరు, రచయిత, వెర్షన్, వివరణ, యూనిక్ ఐడీ, డీఎల్‌ఎల్ (బిల్డ్ చేస్తే వచ్చే ఫైల్) పేరు. ఐడీని ‘మీపేరు.వంకాయతోట’ అని రాయండి.

4. అసలు కిటుకు ఇక్కడుంది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘.టెంప్లేట్.కాన్ఫిగ్’ అనే ఫోల్డర్, అందులో టెంప్లేట్ జేసన్ ఫైల్ పెట్టాలి. ఐడెంటిటీ, నేమ్, షార్ట్‌నేమ్ మీ ఇష్టం. సోర్స్‌నేమ్ దగ్గర మాత్రం ‘వంకాయతోట’ అని ఇవ్వండి. కొత్త ప్రాజెక్ట్ తెరిచినప్పుడు ఫైల్ పేర్లలోనూ, లోపలి రాతలోనూ ఆ మాట ఎక్కడుంటే అక్కడల్లా కొత్త పేరు వచ్చేస్తుంది.

మొదటిసారి నేను సోర్స్‌నేమ్ దగ్గర తెలివిగా ‘మాడ్’ అని ఇచ్చి, ‘చేపలబుట్ట’ అనే పేరుతో కొత్త ప్రాజెక్ట్ తెరిచాను. అది ‘స్టార్‌డ్యూమాడింగ్‌ఏపీఐ’ లోపల ఉన్న ‘మాడ్’ని కూడా మార్చేసి, ‘స్టార్‌డ్యూచేపలబుట్టడింగ్‌ఏపీఐ’ అని రాసిపెట్టింది! కంపైలర్ గగ్గోలు పెట్టక ఏం చేస్తుంది? అందుకే కోడ్‌లో ఇంకెక్కడా రాని మాటే కావాలి. తెలుగు కూరగాయలు ఇందుకు భలే పనికొస్తాయి.

ఆ ఫైల్లోనే ప్రిఫర్‌నేమ్‌డైరెక్టరీని ట్రూ చేయండి. లేకపోతే కొత్త ఫైళ్లన్నీ మీరున్న ఫోల్డర్‌లోనే గుమ్మరిస్తుంది.

5. టెర్మినల్‌లో ప్రాజెక్ట్ ఫోల్డర్‌కి వెళ్లి ‘డాట్‌నెట్ న్యూ --ఇన్‌స్టాల్’ కొట్టి, చివర ఖాళీ వదిలి ఒక చుక్క పెట్టండి. ఆపైన వేరే ఫోల్డర్‌కి వెళ్లి ‘డాట్‌నెట్ న్యూ’, షార్ట్‌నేమ్, ‘-ఎన్’, కొత్త పేరు. అంతే.

6. బిల్డ్ చేసి స్మాపీతో గేమ్ తెరవండి. కన్సోల్‌లో మీ మాడ్ పేరు కనబడాలి. విండోస్‌లో గేమ్ నడుస్తుండగా మళ్లీ బిల్డ్ చేస్తే డీఎల్‌ఎల్ కాపీ కాదు, ముందు గేమ్ మూసేయండి.

యూనిక్ ఐడీని మాడ్ విడుదల చేశాక మార్చకండి. ఇతర మాడ్‌లు మీదాన్ని ఆ ఐడీతోనే గుర్తుపడతాయి.