టెన్నిస్‌లో పొడుగు ఆటగాళ్లు సర్వీస్‌ను రిటర్న్ చేయడం ఎలా?

2018 వింబుల్డన్ సెమీఫైనల్‌లో 208 సెంటీమీటర్ల జాన్ ఇస్నర్, 203 సెంటీమీటర్ల కెవిన్ ఆండర్సన్ తలపడ్డారు. ఇద్దరివీ పిడుగుల్లాంటి సర్వీసులు. ఎదుటివాడి సర్వీస్‌ను బ్రేక్ చేయడం, అంటే అతను సర్వ్ చేసే గేమ్‌ను గెలవడం మాత్రం ఇద్దరికీ గగనమైంది. చివరి సెట్ 26-24 దాకా సాగింది. మొత్తం ఆట 6 గంటల 36 నిమిషాలు. గెలిచిన ఆండర్సన్‌లో ఫైనల్‌ నాటికి సత్తువ మిగల్లేదు, జొకోవిచ్ చేతిలో మూడు సెట్లలోనే ఓడిపోయాడు. మరుసటి ఏడాది వింబుల్డన్‌లో చివరి సెట్ 12-12 అయితే టైబ్రేక్ (సెట్‌ను తేల్చే ఒకే గేమ్) ఆడించడం మొదలుపెట్టారు, 2022 నుంచి దాన్ని 6-6కే మార్చారు.

మన క్లబ్బుల్లోనూ ఆరడుగులు దాటిన వాళ్లది ఇదే కథ. సర్వీస్ గేములు ఎలాగూ గెలుస్తున్నాం కదా అని రిటర్న్ ప్రాక్టీస్ జోలికే వెళ్లరు. పైగా తప్పు ఎత్తు మీదకు నెట్టేస్తారు. మెద్వెదెవ్, డెల్ పొట్రో ఇద్దరూ 198 సెంటీమీటర్ల వాళ్లే, ఇద్దరూ యూఎస్ ఓపెన్ గెలిచారు. ఒక్క సర్వీస్‌ను నమ్ముకుని గెలిచిన వాళ్లు కాదు. పొడుగు వాళ్లకు బంతి అందకపోవడం అసలు సమస్య కానే కాదు, చేతులు పొడుగు కాబట్టి అందుతుంది. చాలనిది టైమ్. 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వీస్ మిమ్మల్ని చేరడానికి అర సెకను అటూ ఇటూ పడుతుంది. అంతలో పొడవాటి చేతిని వెనక్కి తీసుకెళ్లి, మళ్లీ ముందుకు తేవాలి. కింద చెప్పేవన్నీ ఆ టైమ్ మిగుల్చుకునే పద్ధతులే.

1. కాళ్లు ఎడంగా పెట్టి, కిందికి దిగి నిలబడండి
పాదాల మధ్య భుజాల వెడల్పు కంటే ఎక్కువ దూరం ఉండాలి. వంచాల్సింది మోకాళ్లు, నడుము కాదు. నడుము వంచితే తల ఊగుతుంది, చూపు చెదురుతుంది. ఒక గేమ్ అంతా ఇలా ఉంటే తొడలు మండుతాయి. మండితే సరిగ్గా చేస్తున్నట్టే.

2. చిన్న గెంతు, సరైన క్షణంలో
దీన్నే స్ప్లిట్ స్టెప్ అంటారు. ఎదుటివాడి రాకెట్ బంతిని తాకే క్షణానికి మీ పాదాలు నేలను తాకుతూ ఉండాలి. పొడుగు వాళ్లు ఎక్కువగా ఆలస్యమయ్యేది ఇక్కడే, ఎందుకంటే బరువైన ఒంటిని కదిలించడానికి క్షణం ఎక్కువ కావాలి. కాబట్టి అతను బంతిని పైకి విసిరినప్పుడే గెంతడానికి సిద్ధంగా ఉండండి. మొదటి పది నిమిషాలు రాకెట్ పక్కన పెట్టి, గెంతి బంతిని చేత్తో పట్టుకోవడం ప్రాక్టీస్ చేయండి.

3. బ్యాక్‌స్వింగ్ కత్తిరించండి
ఈ ఒక్కటి మారినా ఆట సగం మారిపోతుంది. ఫోర్‌హ్యాండ్‌కు చేతిని మామూలుగా ఎంత వెనక్కి తీసుకెళ్తారో, మొదటి సర్వీస్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు. భుజం తిప్పండి, రాకెట్‌ను ఒంటి ముందే ఉంచండి, వచ్చే వేగాన్నే వాడుకుని బంతిని నెట్టండి. అలవాటు కావాలంటే కోర్టు కంచెకు అడుగు దూరంలో వీపు పెట్టి నిలబడి స్వింగ్ చేయండి. రాకెట్ కంచెకు తగిలిందంటే అది ఇంకా ఎక్కువే.

4. ఒంటి మీదకు వచ్చే బంతి
తెలివైన ప్రత్యర్థి పొడుగువాడికి వైడ్ సర్వీస్ (పక్కకు దూరంగా పడేది) వేయడు, నేరుగా ఛాతీకో తుంటికో గురిపెడతాడు. అంత పొడవు చేతులు మడుచుకోవడానికి చోటుండదు మరి. కుడిచేతి వాటమైతే కుడి భుజాన్ని ముందుకు తిప్పి బ్యాక్‌హ్యాండ్‌తో అడ్డుపెట్టండి. ఫోర్‌హ్యాండ్‌కు ప్రయత్నిస్తే మోచెయ్యి పక్కటెముకల దగ్గర ఇరుక్కుంటుంది.

5. ఎక్కడ నిలబడాలి?
మెద్వెదెవ్ దాదాపు వెనక గోడ దగ్గరికి వెళ్లి నిలబడతాడు. అక్కడ టైమ్ దొరుకుతుంది, కానీ పక్కకు జారిపోయే స్లైస్ సర్వీస్ కోసం చాలా దూరం పరుగెత్తాలి. అతనిలా పరుగెత్తగలిగితేనే అంత వెనక్కి వెళ్లండి. లేదంటే మొదటి సర్వీస్‌కు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక ఒకటి రెండు అడుగులు, రెండో సర్వీస్‌కు (మొదటిది తప్పితే వేసేది) లైన్ మీదకే. ఎగిరిపడే కిక్ సర్వీస్ మాత్రం మీకు వరమే. మామూలు ఎత్తు వాళ్ల భుజం దాకా లేచే బంతి మీకు ఛాతీ దగ్గరే దొరుకుతుంది. ముందుకొచ్చి కొట్టండి.

6. మధ్యకు, లోతుగా
లైన్ల మీదకు కొట్టే షాట్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు బంతి ఆటలో ఉండాలి. నెట్ మధ్యలో ఎత్తు 91 సెంటీమీటర్లే, పక్కల 107. అందుకే మధ్యలోంచి పంపడం తేలిక, ఎదుటివాడికి కోణం కూడా దొరకదు. పైన చెప్పిన సెమీఫైనల్‌లో ఆండర్సన్ 24-24 దగ్గర సాధించిన బ్రేక్ గుర్తుందా? ఆ గేమ్‌లో రిటర్న్ చేస్తూ కిందపడ్డాడు, లేచి ఎడమచేత్తో బంతిని అవతలికి పంపి, చివరికి ఆ పాయింట్ గెలుచుకున్నాడు. చూడ్డానికి అందమైన షాట్ కాదు. చివరి సెట్‌లో అంత సేపూ దొరకని బ్రేక్ ఆ గేమ్‌లోనే దొరికింది.

7. పాయింట్లను ఎంచుకోండి
బలమైన సర్వీస్ ఉన్నవాడికి సెట్‌కు ఒక్క బ్రేక్ చాలు. 0-30, 15-30 దగ్గర రెండో సర్వీస్ వస్తే ఒక అడుగు ముందుకు వేయండి. చాలామంది 40-0 అయ్యాక గేమ్ వదిలేస్తారు, నాకది నచ్చదు. పోయేదేమీ లేని పాయింట్ అది. నిలబడే చోటు మార్చి చూడటానికి అంతకంటే మంచి సమయం ఏముంది?

8. ప్రాక్టీస్
మీ పార్ట్‌నర్‌కు గట్టి సర్వీస్ లేకపోయినా ఫర్వాలేదు. అతన్ని సర్వీస్ లైన్ (నెట్‌కూ బేస్‌లైన్‌కూ మధ్య ఉండే గీత) దగ్గర నిలబెట్టి సర్వ్ చేయించండి. దాదాపు అయిదున్నర మీటర్లు దగ్గరవుతాడు కాబట్టి మామూలు బంతి కూడా వేగంగా వచ్చేస్తుంది. వారానికి మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు. ఆ తర్వాత అతన్ని బేస్‌లైన్‌కు పంపి పది రెండో సర్వీసులు వేయించుకోండి. ఎనిమిది కోర్టులో పడేదాకా బలంగా కొట్టాలనే ఆలోచనే పెట్టుకోకండి.