గాజులదిన్నెలో గాలం వేసే ముందు

కర్నూలు జిల్లాలో హంద్రీ మీదున్న గాజులదిన్నె ప్రాజెక్టు లాంటి చోట కొత్తగా గాలం పట్టేవాళ్ల కోసం ఈ జాగ్రత్తలు. ట్రౌట్ మీద ఆశ పెట్టుకోకండి, అది నీలగిరుల్లాంటి చల్లటి కొండ నీళ్ల చేప. మన నీళ్లలో జెల్ల, కొర్రమీను, జిలేబీ, బొచ్చె లాంటివి చూసుకోవాలి.

ముందు అనుమతి. చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సంఘానిది. అడగకుండా గాలం వేస్తే వాళ్ల కూటికి అడ్డం పడినట్టే.

ఈత వచ్చినా ఒంటరిగా పోవద్దు. తూము, గేట్ల దగ్గరికి అసలే వద్దు. నీళ్లు తగ్గాక ఒడ్డు పైన ఎండి పగుళ్లిచ్చి గట్టిగా కనిపిస్తుంది, కింద మోకాలి లోతు బురద ఉండొచ్చు. కర్రతో పొడిచి చూసి అడుగేయండి.

తలపైన కరెంటు తీగలుంటే గాలం కర్ర ఎత్తొద్దు. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది. ఉరిమితే కర్ర కింద పెట్టి ఒడ్డు వదిలేయండి.

విసిరేముందు వెనక్కి చూడండి, పిల్లలుంటే మరీ. కొక్కెం వేలిలో దిగి దాని వెనకముల్లు (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు) కూడా లోపలికి పోయిందా, వెనక్కి లాగొద్దు, కండ చీలుతుంది. దారం కత్తిరించి, కొక్కెం కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి పోండి. టీటీ సూది సంగతి అడగండి.

జెల్లను ఒట్టి చేత్తో పట్టొద్దు. వీపున ఒకటి, పక్కల రెండు ముళ్లు నిక్కబొడుచుకుని ఉంటాయి. గుచ్చుకుంటే సలుపు తొందరగా తగ్గదు.

నీళ్లు, టోపీ సరేసరి.

వానాకాలంలో గుడ్ల చేప పడితే వదిలేయండి. తెగిన నైలాన్ దారం కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది, జేబులో వేసుకొని రండి.