చుట్టాలొచ్చేలోపు పిన్‌బాల్ ప్లేఫీల్డ్ ఒకసారి చూసుకోండి

థాంక్స్‌గివింగ్‌కి ఇంటినిండా జనం దిగితే బేస్‌మెంట్‌లోని పిన్‌బాల్ మెషీన్‌కి నాలుగు రోజులు ఊపిరాడదు. దెబ్బంతా ప్లేఫీల్డ్‌కే, అంటే బంతి దొర్లే రంగుల చెక్క పలకకే. ముఖ్యంగా 1980ల నాటి పాత మెషీన్ ఉన్నవాళ్లు:

పాత మైలార్ షీట్ (రంగు అరగకుండా ప్లేఫీల్డ్ మీద అతికించిన పారదర్శక ప్లాస్టిక్ పొర) అంచు లేచింది కదా అని పీకేయకండి. దాంతో పాటు కింద ఉన్న రంగు కూడా పెచ్చులుగా ఊడొస్తుంది, ఆ తర్వాత ఎంత ఖర్చుపెట్టినా అసలు బొమ్మ తిరిగి రాదు. చూడ్డానికి బాగోకపోయినా ఈ సెలవులకి అలాగే ఉండనివ్వండి.

బంతులు బయటికి తీసి వెలుతురులో తిప్పి చూడండి. సుమారు 27 మి.మీ. వెడల్పు, 80 గ్రాముల బరువున్న ఉక్కు గుండు అది, దానిమీద గీతలు పడ్డాయంటే ప్రతి ఆటా ప్లేఫీల్డ్‌ని ఉప్పు కాగితంతో రుద్దినట్టే. అనుమానం ఉంటే కొత్తవి వేసేయండి, ఈ మొత్తం వ్యవహారంలో చవకైనవి అవే.

నీళ్లు, అద్దాలు తుడిచే స్ప్రే వద్దు. రంగు పోయినచోట కింద ఉన్నది ప్లైవుడ్, తడి తగిలితే ఉబ్బుతుంది.

నల్లటి దుమ్ము తుడిచాకే మైనం, అదీ పల్చగా. మురికిమీద పూస్తే మురికి అక్కడే అతుక్కుపోతుంది. కార్నాబా మైనం (ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసేది) చాలు, కానీ కార్ల పాలిష్‌లో గరుకు పొడి కలిసి ఉంటుంది, డబ్బా వెనక చదవండి.

లైట్లమీది ప్లాస్టిక్ ముక్కలు వేలికి ఎత్తుగా తగులుతున్నాయా? బంతి ఆ అంచునే కొట్టి చుట్టూ రంగు లేపుతుంది.

ప్లేఫీల్డ్ మీంచి తీసిన గాజు పలక కార్పెట్‌మీదే పెట్టండి. సిమెంటు నేలకి మూల తగిలిందా, ఇక ఏరుకోవడమే.