ఆర్‌వీ రూఫ్‌టాప్ ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ బిగించుకోవడం ఎలా

2200 వాట్ల చిన్న జనరేటర్ కొని, దాన్ని ట్రైలర్‌కి తగిలించి ఏసీ ఆన్ చేయగానే జనరేటర్ ఒక్కసారి మూలిగి ఓవర్‌లోడ్ లైటు వెలిగించి ఆగిపోయిందంటే, జనరేటర్‌లో లోపం ఉందనో ఏసీ పాడైందనో కంగారు పడకండి. రెండూ బాగానే ఉండి కూడా ఇలా జరుగుతుంది. చిక్కంతా కంప్రెసర్ మొదలయ్యే ఆ అర సెకను లోపే ఉంది. అమెరికాలో ఆర్‌వీలు, అంటే ట్రైలర్లు, మోటార్‌హోమ్‌ల లాంటి చక్రాల మీది ఇళ్లు కొనుక్కుంటున్న మనవాళ్లు, ముఖ్యంగా ఎండాకాలం ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటేసుకుని తిరిగేవాళ్లు, ఏసీ నడవదేమోనన్న టెన్షన్‌తో పెద్ద జనరేటర్ కొనేస్తుంటారు. దానికి ముందు ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ అనే చిన్న పరికరం బిగించి చూడమనే నేను చెప్తాను.

బోరు మోటారు వేసినప్పుడు ఇంట్లో బల్బు ఒక్క క్షణం మసకబారడం మనందరం చూసిందే. ఇక్కడా జరిగేది అదే. 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 12, 13 ఆంపియర్లు తీసుకుంటుంది, కానీ ఆగి ఉన్న కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో మోడల్‌ని బట్టి 50 నుంచి 60 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఏసీ లేబుల్ మీద ఎల్‌ఆర్‌ఏ (లాక్డ్ రోటర్ ఆంప్స్) అని ఒక అంకె ఉంటుంది చూడండి, ఆ మొదటి ఊపు అదే. హోండా ఈయూ2200ఐ లాంటి జనరేటర్ ఆగకుండా ఇవ్వగలిగేది 1800 వాట్లు, అంటే 15 ఆంపియర్లు, కాసేపు మాత్రమే 2200 వాట్లు, అంటే 18 ఆంపియర్ల చిల్లర. నడపడానికి సరిపోతుంది, మొదలుపెట్టడానికి చాలదు. సాఫ్ట్ స్టార్టర్ ఈ మొదటి ఊపును కట్టడి చేస్తుంది. కంప్రెసర్‌కి కరెంటును ఒక్కసారిగా వదలకుండా, లోపలి ఎలక్ట్రానిక్స్‌తో మెల్లగా పెంచుతూ తిప్పి, వేగం అందుకున్నాక తప్పుకుంటుంది. మొదటి ఊపు సగం కంటే కిందికి పడిపోతుంది.

కానీ నడిచేటప్పటి కరెంటు ఇది ఒక్క ఆంపియర్ కూడా తగ్గించదు. ఇది బుర్రలో పెట్టుకుంటే సగం నిరాశలు తప్పుతాయి. ఏసీ నడుస్తుండగా అదే చిన్న జనరేటర్ మీద 1000 వాట్ల ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెడితే సాఫ్ట్ స్టార్టర్ ఏమీ చేయలేదు, జనరేటర్ పడిపోతుంది. రైస్ కుక్కర్ పెట్టినా పడిపోవచ్చు. వంట ముగించి ఏసీ వేసుకోవాలి, లేదా కాసేపు ఏసీ ఆపి అన్నం వండుకోవాలి. అలాగే మీ ఏసీ బాగానే మొదలై, పది నిమిషాలు నడిచాక బ్రేకర్ పడిపోతుంటే దానికి మందు సాఫ్ట్ స్టార్టర్ కాదు. కండెన్సర్ ఫిన్స్‌లో (వేడిని బయటికి వదిలే సన్నటి రేకుల్లో) దుమ్ము, నీరసించిన రన్ కెపాసిటర్ (కంప్రెసర్ నడిచినంతసేపూ దానికి తోడుండే కెపాసిటర్), సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వల్ల పడిపోతున్న వోల్టేజీ, ముందు ఇవి చూడండి. 15,000 బీటీయూ ఏసీ ఉన్నవాళ్లకి ఇంకో మాట. బయట వేడి పెరిగేకొద్దీ నడిచే కరెంటు కూడా పెరుగుతుంది కాబట్టి, 105 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో 1800 వాట్ల జనరేటర్ మీద దాన్ని మధ్యాహ్నమంతా నడుపుదామనుకోకండి, అది మరీ అంచు మీది వ్యవహారం.

కొనే ముందు ఏసీ మోడల్ నంబరు చూసుకోండి, లోపలి రిటర్న్ గ్రిల్ (ఏసీ గదిలో గాలిని పీల్చుకునే జాలీ) తీస్తే చాలాసార్లు కనిపిస్తుంది. కొత్తగా వస్తున్న ఇన్వర్టర్ రకం ఏసీలు వాటంతటవే మెల్లగా మొదలవుతాయి, వాటికి సాఫ్ట్ స్టార్టర్ పెట్టకూడదు. మామూలు సింగిల్ స్పీడ్ కంప్రెసర్ ఉన్న డొమెటిక్, కోల్‌మన్ లాంటి వాటికే ఇది. మైక్రో-ఎయిర్ వాళ్ల ఈజీస్టార్ట్, సాఫ్ట్‌స్టార్ట్‌ఆర్‌వీ, ఈ రెండూ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఏది కొన్నా మీ ఏసీ మోడల్‌కి ప్రత్యేకంగా ఇచ్చిన వైరింగ్ డయాగ్రమ్ కంపెనీ నుంచి దింపుకుని, ప్రింట్ తీసి పైకి పట్టుకెళ్లండి. ఒక కంపెనీ వాడిన వైర్ల రంగులు ఇంకో కంపెనీకి కలవవు, ఒకే కంపెనీలోనూ ఏసీ మారితే కనెక్షన్ మారొచ్చు. ఎవరి వీడియోలోనో నల్ల వైరు ఫలానా చోట పెట్టారని మీరూ అక్కడే పెట్టకండి. ఏసీ ఇంకా వారంటీలో ఉంటే దాని షరతులు కూడా ఒకసారి చదవండి.

సామాన్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. స్క్రూడ్రైవర్, నట్ డ్రైవర్లు, వైర్ కట్టర్, మంచి క్రింపర్, హీట్ ష్రింక్ ఉన్న క్రింప్ కనెక్టర్లు, జిప్ టైలు, మల్టీమీటర్, కెపాసిటర్ల చార్జ్ తీయడానికి 20,000 ఓముల 5 వాట్ల రెసిస్టర్ ఒకటి. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఉంటే ఇంకా మంచిది, అందులో ఇన్‌రష్, అంటే ఆ మొదటి ఊపు, కొలిచే బటన్ ఉన్నది దొరికితే బిగించక ముందు, తర్వాత తేడా మీ కళ్లతో మీరే చూసుకోవచ్చు.

పైకి ఎక్కే ముందు షోర్ పవర్ (క్యాంప్‌గ్రౌండ్ లేదా ఇంటి సాకెట్ నుంచి వచ్చే కరెంటు) ప్లగ్గు పీకేయండి. బ్రేకర్ ఆపితే చాలదా అంటే చాలదు, ప్లగ్గే పీకండి. జనరేటర్ ఆపి, ఆటో స్టార్ట్ ఉంటే అదీ ఆపండి. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాన్ని ఆఫ్ చేయడం మర్చిపోతుంటారు, షోర్ పవర్ పోగానే అది బ్యాటరీల నుంచి 120 వోల్టులు పంపుతుందని గుర్తుపెట్టుకోండి. అన్ని కప్పులూ మనిషి నడవడానికి కట్టినవి కావు, మీ ఆర్‌వీ మాన్యువల్ చూడండి. నడవొచ్చు అనుకున్నా ఒక ప్లైవుడ్ ముక్క పరిచి మోకాళ్ల మీద పని చేస్తే బరువు ఒకేచోట పడదు. పొద్దున్నే పెట్టుకోండి, ఎండెక్కాక ఆ కప్పు మీద కూర్చోలేరు.

మూత స్క్రూలు విప్పి ప్లాస్టిక్ మూతను జాగ్రత్తగా ఎత్తండి. ఏళ్ల తరబడి ఎండలో ఉన్నది కాబట్టి పెళుసుగా ఉంటుంది, గాలికి కొట్టుకుపోకుండా కిందికి అందించేయండి. కంట్రోల్ బాక్సు రేకు తీయగానే ఏ వైరూ ముట్టుకోకముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి, వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో కనిపించేలా.

ఇప్పుడు కెపాసిటర్లు. కరెంటు తీసేసినా ఇవి చార్జ్ పట్టి ఉంచుకోగలవు, మొత్తం పనిలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పున మెరుపు తెప్పించడం చాలామంది చేస్తారు, మీరు చేయకండి, కెపాసిటర్ చెడిపోవచ్చు, చెయ్యీ కాలొచ్చు. రెసిస్టర్ రెండు కాళ్లకి ఇన్సులేషన్ ఉన్న వైర్లు, క్లిప్పులు తగిలించి, ఒంటి చేత్తో, టెర్మినళ్ల మధ్య పది పదిహేను సెకన్లు పట్టండి. మూడు టెర్మినళ్ల రన్ కెపాసిటర్ అయితే దాని మీద సీ (కామన్), హెర్మ్ (కంప్రెసర్ వైపుది), ఫ్యాన్ అని రాసి ఉంటుంది, సీకి హెర్మ్‌కి మధ్య ఒకసారి, సీకి ఫ్యాన్‌కి మధ్య ఒకసారి పట్టాలి. స్టార్ట్ కెపాసిటర్ వేరుగా ఉంటే దానికీ. తర్వాత మల్టీమీటర్ డీసీ వోల్టుల మీద పెట్టి దాదాపు సున్నా చూపించాకే చెయ్యి పెట్టండి.

వైరింగ్‌లో అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే. కంప్రెసర్‌కి మూడు టెర్మినళ్లు ఉంటాయి, కామన్, రన్, స్టార్ట్, అంటే సీ, ఆర్, ఎస్. రన్ కెపాసిటర్ ఆర్‌కి ఎస్‌కి మధ్య కూర్చుని ఉంటుంది, హెర్మ్ నుంచి వెళ్లేది ఎస్‌కి. చాలామందిని తికమక పెట్టేది ఏంటంటే కెపాసిటర్ మీది సీ, కంప్రెసర్ మీది సీ ఒకటి కాదు, కెపాసిటర్ సీ మామూలుగా ఆర్ వైపు కలిసి ఉంటుంది. ఇది తెలియక రెండు సీలూ ఒకటే అనుకుని కలిపితే కొత్త పరికరం మొదటి సెకనులోనే పోవచ్చు. ఇక రన్ కెపాసిటర్‌కి తోడుగా చాలా ఏసీల్లో ఒక స్టార్ట్ కెపాసిటర్, పీటీసీఆర్ అనే చిన్న నల్లటి డబ్బీ లేదా రిలే ఉంటాయి, ఇవి పాత పద్ధతిలో కంప్రెసర్‌ని తోసి లేపే సరంజామా. సాఫ్ట్ స్టార్టర్ ఆ పని తనే చేస్తుంది కాబట్టి డయాగ్రమ్ తీసేయమన్న చోట వీటిని తీసేయాలి. వదిలేస్తే రెండూ పోట్లాడుకుని కంప్రెసర్ సరిగ్గా లేవదు. రన్ కెపాసిటర్‌ని మాత్రం తీయకండి, అది ఎప్పటికీ ఉండాల్సిందే.

డయాగ్రమ్ ప్రకారం ఒక్కో వైరు తీసి, దాని బదులు పెట్టాల్సింది పెట్టి, ఆ లైను మీద పెన్నుతో టిక్కు కొట్టి తర్వాతి వైరుకి వెళ్లండి. అన్నీ ఒకేసారి పీకేసి తర్వాత కలుపుదామనుకోవద్దు. క్రింప్ చేసిన ప్రతి జాయింటునీ గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడాలి. హైవే మీద ఈ కప్పు గంటల తరబడి అదురుతుంది, వదులుగా ఉన్న జాయింటు వేడెక్కి కాలిపోతుంది. ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టుకోకండి, ఎండకి జిగురు కారిపోతుంది.

సాఫ్ట్ స్టార్టర్ డబ్బా ఎక్కడ పెట్టాలన్నది తేలికగా తీసుకోవద్దు. మూత మళ్లీ పెట్టినప్పుడు దానికి తగలకూడదు, ఫ్యాన్ రెక్కలకి వైర్లు అందకూడదు, కంప్రెసర్ నుంచి వచ్చే వేడి రాగి గొట్టానికి ఆనకూడదు, నీళ్లు నిలిచే చోట ఉండకూడదు. రేకు కొంచెం ఖాళీ ఉన్నచోట శుభ్రంగా తుడిచి బలమైన డబుల్ సైడ్ టేపుతో అంటించి, జిప్ టైలు వేయడం నాకు నచ్చే పద్ధతి. స్క్రూలే వేయాలంటే వెనక ఏముందో చూసి వేయండి, ఒక్క స్క్రూ మొన కాయిల్‌కి తగిలిందంటే గ్యాసంతా పోయి ఏసీయే మార్చుకోవాల్సి వస్తుంది. వైర్లు డబ్బా కింది వైపు నుంచి బయటికి వచ్చేలా పెడితే వాన నీరు వాటి వెంట లోపలికి జారదు.

మూత పెట్టేయకుండా, రెక్కలకి దూరంగా నిలబడి మొదటిసారి నడిపి చూడండి. ఇది జనరేటర్ మీద చేయకండి, నికరమైన షోర్ పవర్ మీద చేయండి. ముందు ఫ్యాన్ ఒక్కటే, తర్వాత కూల్. ఈ పరికరాలు మీ కంప్రెసర్ తీరును మొదటి కొన్ని స్టార్ట్‌లలో నేర్చుకుంటాయి, ఈజీస్టార్ట్ అయితే ఐదు స్టార్ట్‌లు. ప్రతిసారీ కంప్రెసర్‌ని కాసేపు నడవనిచ్చి, ఆపి, ఐదు నిమిషాలకి తక్కువ కాకుండా ఆగి, మళ్లీ వేయండి. లోపలి ఒత్తిడి సర్దుకోకముందే వేస్తే కంప్రెసర్ మీద అనవసరపు భారం పడుతుంది, పరికరం నేర్చుకునేదీ తప్పుగానే నేర్చుకుంటుంది. కంప్రెసర్ గుర్రుమని మూలిగి లేవకపోతే వెంటనే ఆపి, ప్లగ్గు పీకి, కెపాసిటర్లు మళ్లీ డిశ్చార్జ్ చేసి, వైర్లను డయాగ్రమ్‌తో పోల్చండి.

తర్వాత జనరేటర్. మొదట ఎకో మోడ్ (లోడు తక్కువైతే ఇంజన్ వేగం తగ్గించే ఏర్పాటు) ఆఫ్ చేసి ఏసీ వేయండి, ఇంజన్ పూర్తి వేగంతో ఉంటే ఆ కాస్త ఊపును తట్టుకుంటుంది. చాలామందికి ఇక్కడ ఎదురయ్యే ఇంకో చిక్కు, సర్జ్ ప్రొటెక్టర్ రకం ఈఎంఎస్ (కరెంటులో తేడా ఉంటే లైను ఆపేసే పరికరం) ఉంటే ఓపెన్ గ్రౌండ్, అంటే ఎర్త్ కనెక్షన్ లేదు, అని చూపించి కరెంటే లోపలికి రానివ్వదు. చిన్న ఇన్వర్టర్ జనరేటర్లలో న్యూట్రల్, గ్రౌండ్ కలిపి ఉండవు, అందుకే అలా. జనరేటర్ మీది ఇంకో సాకెట్‌లో ఆ రెండింటినీ కలిపే న్యూట్రల్ గ్రౌండ్ బాండింగ్ ప్లగ్గు పెడితే సరిపోతుంది, ఇది జనరేటర్ వరకే, షోర్ పవర్ మీద వాడకూడదు. కొండల మీదికి వెళ్తుంటే లెక్క మళ్లీ మారుతుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకి ఇంజన్ బలం సుమారు 3.5 శాతం తగ్గుతుంది కాబట్టి, 5,280 అడుగుల డెన్వర్‌లోనే ఆ 1800 వాట్లు 1500 దగ్గరికి వచ్చేస్తాయి. అక్కడ ఏసీ లేచినా ఎంతసేపు నడుస్తుందో చెప్పలేం. జనరేటర్ ఎక్కడ పెట్టినా దాని పొగ కిటికీల వైపు రాకుండా చూసుకుని, లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి.

అంతా బాగుంటే మూత పెట్టి స్క్రూలు బిగించండి, మరీ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. తీసేసిన స్టార్ట్ కెపాసిటర్‌ని, పీటీసీఆర్‌ని పారేయకండి, ముందు తీసిన ఫోటోల ప్రింటుతో కలిపి ఒక కవర్లో వేసి ట్రైలర్‌లోనే ఉంచండి. దారిలో ఎక్కడైనా సాఫ్ట్ స్టార్టర్ పనిచేయడం మానేస్తే వీటినే తిరిగి తగిలించి క్యాంప్‌గ్రౌండ్ షోర్ పవర్ మీద ఏసీ నడుపుకోవచ్చు. మొదటి పెద్ద ప్రయాణం అయ్యాక ఒకసారి మూత తీసి, ఇందాకటిలాగే కరెంటు తీసి, డిశ్చార్జ్ చేసి, జాయింట్లు, జిప్ టైలు వదులయ్యాయేమో చూడండి.