పాఠం 4: గ్యాస్ తీసేసిన గూట్లో కట్టెల పొయ్యి - పొగ వెనక్కి ఎందుకు తన్నింది?

పోయిన పాఠం చూసి, గ్యాస్ పొయ్యి తీసేసిన గూట్లో కట్టెల పొయ్యి ముట్టించిన చాలామందికి వంటిల్లంతా పొగ కమ్మేసింది. అందుకే ఈసారి చెప్పాల్సిన బూడిద రాలే అర సంగతి పక్కన పెడుతున్నాను. సిలిండరు గది దాటించడం, గోడలోని రాగి గొట్టానికి ఇత్తడి మూత బిగించి సబ్బు నురగతో చూసుకోవడం అయిపోయాయనే అనుకుంటాను.

పొగగొట్టంలో మసి దులిపాక కూడా పొగ వెనక్కి తన్నిందంటే ముందు ఎగ్జాస్ట్ ఫ్యానును చూడండి. గ్యాస్ కోసం పెట్టింది ఇంకా తిరుగుతోంది. అది గదిలో గాలిని బయటికి తోసేస్తుంది. ఆ లోటు పూడాలంటే గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. తలుపులు మూసుంటే మిగిలింది పొగగొట్టమే. పైకి పోవాల్సిన పొగ కిందికి దిగుతుంది. పొగొచ్చిందని ఫ్యాను జోరు పెంచుతారు, పొగ ఇంకా పెరుగుతుంది. మేస్త్రీని తిట్టకండి, ఫ్యాను తీగ ఊడదీయించండి. పక్కనున్న బాత్రూం ఫ్యానూ ఇదే పని చేస్తుంది. పొగ కన్నా నిప్పులు ప్రమాదం: వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిప్పులు పూర్తిగా ఆరేదాకా కిటికీ మూయొద్దు.

ఏ కిటికీ? విశాఖలో పగలు గాలి సముద్రం మీంచి కొడుతుంది. అటువైపుది జానెడు తెరవండి. వెనకవైపుది ఒక్కటే తెరిస్తే అదీ ఫ్యానులాగే గదిలో గాలిని బయటికి లాగేస్తుంది.

పొగగొట్టం మూతి డాబా మీద కనీసం 3 అడుగులు లేవాలి. చుట్టూ 10 అడుగుల్లో ఉన్న పిట్టగోడకన్నా, నీళ్ల ట్యాంకుకన్నా 2 అడుగులు ఎత్తుండాలి. ట్యాంకును అందరూ మర్చిపోతారు. రేకు గొట్టమైతే అతుకుల దగ్గర స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. ఉప్పుగాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది, మొన దిగితే గొట్టం మార్చాల్సిందే.

కట్టెల్లో నా ఓటు సరుగుడుకే. చీల్చి, వాన తగలకుండా ఆరు నెలలు ఆరబెట్టింది కావాలి. రెండు ముక్కలు కొడితే ఠంగుమనాలి, కొసల్లో నెర్రెలు కనబడాలి. పచ్చికట్టె తారు గొట్టంలో పేరుకుని ఒకనాడు అంటుకుంటుంది. 3 మిల్లీమీటర్లు పేరుకుంటే దులిపేదాకా వెలిగించొద్దు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలు, రంగేసిన పలకలు అసలే వద్దు. ఉప్పు పట్టిన కట్టె పొగ విషం, గొట్టాన్నీ తినేస్తుంది.

అభ్యాసం: ఏడు రోజులు పొయ్యి వెలిగించకుండా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గూటి నోటి దగ్గర అగరువత్తి పట్టండి. పొగ ఎటు పోయిందో, ఏ కిటికీ తెరిచుందో రాయండి. ఇరవై ఒక్కసారీ పైకే పోతే ఎనిమిదో రోజు రెండు గుప్పిళ్ల చిదుగులతో మంట పెట్టండి.