జెట్లు మార్చాక బండి మొరాయిస్తే

జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు) మార్చి కార్బురేటర్ బిగించాక బండి సరిగ్గా నడవకపోతే, చాలామంది వెంటనే బెంగళూరు జేసీ రోడ్డుకో చెన్నై పుదుపేటకో పరుగెత్తి ఇంకో నంబరు జెట్టు కొనుక్కొస్తారు. అది ఆఖర్న చేయాల్సిన పని. నిన్నటిదాకా బాగా నడిచిన బండి కార్బురేటర్ విప్పాకే పేచీ పెట్టిందంటే, ముందు అనుమానించాల్సింది బిగింపునే.

ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోట్ నీడిల్ (లోపలికొచ్చే పెట్రోలును ఆపే సూది) కింద నలుసైనా చేరుండాలి, ఫ్లోట్ పిన్నయినా సరిగ్గా కూర్చోకపోయుండాలి. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ రేస్ అవుతూ ఆర్‌పీఎం దిగకపోతే, ముందు కేబుల్ పట్టేసిందేమో చూసి, తర్వాత కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు మీద నీళ్లు స్ప్రే చేయండి. ఐడ్లింగ్ శబ్దం మారితే అక్కడ గాలి లాగుతోందన్నమాట. వాక్యూమ్ స్లైడ్ (ఇంజిన్ లాగుడుకి దానంతటదే పైకి లేచేది) ఉన్న కార్బురేటర్ అయితే పై మూత తీసి రబ్బరు డయాఫ్రమ్ అంచు చూడండి. అది గాడిలో కూర్చోకుండా మూత కింద నలిగితే స్లైడ్ పైకి లేవదు, ఎంత తిప్పినా పికప్ రాదు.

ఎక్కువమంది దెబ్బతినేది ట్యూనింగ్ స్క్రూ (ఐడ్లింగ్‌లో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసేది) దగ్గర. చాలా కార్బురేటర్లలో దాని మీద వరసగా స్ప్రింగు, వాషరు, చివర ఆవగింజంత రంధ్రమున్న బుల్లి ఓ-రింగు ఉంటాయి. స్క్రూ బయటికొచ్చినా ఓ-రింగు ఒక్కోసారి లోపలే అతుక్కుపోతుంది. అది పోయినా, దానికంటే ముందు వాషరు వేసి బిగించినా, స్క్రూ ఎంత తిప్పినా ఐడ్లింగ్ నిలవదు. టార్చి వేసి లోపల చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే జెట్టు సంగతి. బండి ఎంత స్పీడులో ఇబ్బంది పెడుతోందని కాదు, యాక్సిలరేటర్ ఎంత తిప్పినప్పుడు అని చూడాలి. గ్రిప్పు మీద, దాని పక్కన టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు గీసుకోండి. పావులోపు తేడా వస్తే పైలట్ జెట్టు, ట్యూనింగ్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (ఫ్లోట్ నీడిల్ కాదు, స్లైడ్‌కి వేలాడే సూది). ఆపైన మెయిన్ జెట్టు. ఈ హద్దులు ఒకదాని మీదికొకటి కొంచెం ఒరుగుతాయి, అందుకే ఒకేసారి రెండు మార్చకండి.

పెట్రోలు ఎక్కువైందా తక్కువైందా తేల్చుకోవడానికి చోక్ చాలు. ఇబ్బంది వచ్చే చోటే యాక్సిలరేటర్ పట్టుకుని చోక్ కొద్దిగా లాగండి. బండి తేరుకుంటే పెట్రోలు చాలట్లేదు, ఇంకా బిగుసుకుంటే ఎక్కువవుతోంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ టపటప పేలితే పైలట్ వైపు పెట్రోలు చాలట్లేదని, లేదా సైలెన్సర్ జాయింటు దగ్గర గాలి లాగుతోందని.

ట్యూనింగ్ స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, విప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, విప్పితే పెట్రోలు వాటా తగ్గుతుంది. ఈ తేడా తెలియక తిప్పితే గంటలు వృథా. మెల్లగా చివరిదాకా బిగించి, రెండు చుట్లు విప్పి మొదలుపెట్టండి. పెట్రోలు స్క్రూ మూడు చుట్లు దాటాకే ఐడ్లింగ్ కుదిరితే పైలట్ జెట్టు చిన్నది, ఒక చుట్టులోపే కుదిరితే పెద్దది. నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి పెడితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది.

చెన్నైలో సరిగ్గా కుదిరిన బండి బెంగళూరులో నల్లపొగ వదిలితే మెకానిక్‌ని తిట్టకండి. బెంగళూరు ఎత్తు దాదాపు 900 మీటర్లు, గాలి దాదాపు 8 శాతం పలచన. మెయిన్ జెట్టు ఒక సైజు తగ్గించి చూడండి. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుది దీనికి తిరగేసిన పని: అందులో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టుతో పెట్రోలు కొంత తక్కువైనట్టవుతుంది.

మికునీ, కైహిన్ కంపెనీల జెట్ల నంబర్లు ఒకే లెక్క కాదు. మికునీ 100 తీసి కైహిన్ 100 వేస్తే సమానం అనుకోకండి. రంధ్రంలో సూది పెట్టి శుభ్రం చేసిన పాత జెట్టు నంబరునైతే అసలే నమ్మొద్దు: ఇత్తడి మెత్తన, రంధ్రం అరిగిపోతుంది.

పెట్రోలు పాళ్లు తెలుసుకోవడానికి స్పార్క్ ప్లగ్గు రంగు చూసేటప్పుడు ఐడ్లింగ్‌లో ఆపి చూడకండి. ఖాళీ రోడ్డు మీద ముప్పావు దాటించి కాసేపు నడిపి, అక్కడే క్లచ్ పట్టి కిల్ స్విచ్ నొక్కి, చల్లారాక విప్పండి. పింగాణీ కాఫీపొడి రంగులో ఉంటే సరే. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా మెరుస్తుంటే ఆ జెట్టుతో హైవే ఎక్కకండి, పిస్టన్ కాలుతుంది.