రిబుల్‌హెడ్ వయాడక్టును ఎలా చూడాలి?

ఇంగ్లండులోని ఉత్తర యార్క్‌షైర్‌లో, సెటిల్–కార్లైల్ రైలు మార్గం మీద ఉన్న రిబుల్‌హెడ్ వయాడక్టును (లోయ మీదుగా వరుస కమానులపై సాగే వంతెనను) రైలులో దాటిపోతే కిటికీలోంచి కొండలూ బీడు భూములూ కనిపిస్తాయే తప్ప, వంతెన కనిపించదు. కాబట్టి రిబుల్‌హెడ్ స్టేషనులో దిగి, కాలిబాట వెంట నడిచి కమానుల దగ్గరికి వెళ్లాలి. పట్టాల మీదికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కకూడదు.

మొదట దూరంగా నిలబడి మొత్తం కట్టడాన్ని చూడండి. సుమారు 400 మీటర్ల పొడవున 24 కమానులు స్వల్పమైన వంపుతో సాగిపోతాయి. గరిష్ఠ ఎత్తు 32 మీటర్లు. ఆ తరువాత స్తంభాలను ఒక కొస నుంచి లెక్కపెడుతూ రండి. ప్రతి ఆరవ స్తంభం మిగతావాటికంటే బాగా లావుగా ఉంటుంది. నా దృష్టిలో ఈ వంతెనలో అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసినది ఇదే. ప్రతి కమానూ తన భారంతో పక్క స్తంభాన్ని అడ్డంగా నెడుతుంది. దానికి అవతలి కమాను ఎదురు నెట్టడం వల్లనే సన్నని స్తంభం నిలబడుతుంది. ఒక స్తంభం కూలితే ఆ సమతౌల్యం చెడి, దాని పక్కవి ఒకదాని వెంట ఒకటి పడిపోతాయి. లావు స్తంభం ఒంటరిగానే ఆ నెట్టుడును తట్టుకుని, నష్టాన్ని ఆ కొద్ది కమానులతోనే ఆపేస్తుంది.

ఇప్పుడు స్తంభం దగ్గరికి వచ్చి తల పైకెత్తండి. స్తంభాలు సున్నపురాయితో కట్టినవి, పైకి పోయే కొద్దీ సన్నబడతాయి. కమానుల లోపలి వంపు మాత్రం ఎర్ర ఇటుక. ఇందుకు సుమారు 15 లక్షల ఇటుకలు పట్టాయి. కాళ్ల కింద ఉన్నది బురద నేల కనుక పునాదులను దాదాపు 25 అడుగుల లోతుకు దింపారు.

చరిత్ర తెలుసుకోవాలంటే చుట్టూ ఉన్న పచ్చిక మైదానాన్ని కూడా పరిశీలించాలి. స్కాట్లండుకు సొంత దారి కావాలని 1866లో పార్లమెంటు అనుమతి పొందిన మిడ్లాండ్ రైల్వే కంపెనీ, తరువాత ఆ ఆలోచన మానుకోబోయినా పార్లమెంటు ఒప్పుకోలేదు. ఇంజినీరు జాన్ సిడ్నీ క్రాస్లీ ఆధ్వర్యంలో 1870లో మొదలైన ఈ వంతెన పని 1874లో ముగిసింది. ప్రయాణికుల రైళ్లు 1876లో నడిచాయి. కూలీలు కుటుంబాలతో సహా ఇక్కడి గుడిసెల్లో, గాలివానల మధ్య, సెబాస్టపోల్, జెరికో వంటి పేర్లున్న వాడల్లో బతికారు. ప్రమాదాలకూ మశూచికీ బలైనవారిని దగ్గరలోని చాపెల్-లె-డేల్ చర్చి ఆవరణలో పాతిపెట్టారు. వంతెన చూసినవారు అక్కడికీ వెళ్లి రావడం న్యాయం.

చివరగా పక్కనున్న ఎత్తు నేల ఎక్కి, రైలు వచ్చేదాకా ఆగండి. ఒకప్పుడు రెండు వరుసల పట్టాలుండేవి. కట్టడం మీద భారం తగ్గించడానికి 1985లో ఒకే వరుసగా మార్చారు. మరమ్మతుల ఖర్చు పేరుతో మార్గాన్నే మూసివేయాలన్న ప్రతిపాదనను ప్రజలు ఏళ్ల తరబడి ఎదిరించగా, 1989లో ప్రభుత్వం దాన్ని విరమించుకుంది. వంతెన మధ్యగా సాగే ఆ ఒంటి వరుస మీదనే నేటికీ రైళ్లు నడుస్తున్నాయి.